వరి చేలో చేపలు: అన్నంతోపాటు కూర కూడా



మన ఆసుపత్రికి గర్భిణీ స్త్రీల పరీక్ష కోసం వచ్చే అమ్మలను మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "నిన్న ఏం తిన్నావమ్మా?" ఎక్కువసార్లు వచ్చే జవాబు కూడా ఒకటే. "అన్నం, పచ్చడి, కొంచెం చారు." చేప ఎప్పుడు తిన్నారని అడిగితే, "పోయిన నెల్లో చుట్టాలు వచ్చినప్పుడు" అంటారు. ఆ మాట చెబుతున్న సమయానికే ఆసుపత్రి ముందు రోడ్డు మీద ఐసు పెట్టెలలో చేపలు నింపుకున్న లారీలు వరసగా వెళుతుంటాయి. లోతట్టు నీటి చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటిది. కాని ఆ చేపలో చాలా భాగం పశ్చిమ బెంగాల్‌కు, ఈశాన్య రాష్ట్రాలకు వెళ్ళిపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉంది. చేప మన వీధి గుండా వెళుతోంది గాని మన కంచంలోకి రావడం లేదు.

అందుకే ఈ సంచికలో జబ్బు గురించి కాకుండా ఒక సాగు పద్ధతి గురించి రాస్తున్నాము. అది వరి చేలోనే చేపలు పెంచడం. ఇది ఆసుపత్రి పత్రికలో రాయవలసిన విషయమా అని మీరు అనుకోవచ్చు. చివరిదాకా చదివితే ఎందుకు రాశామో మీకే తెలుస్తుంది.

చెరువు వేరు, చేలో చేప వేరు

మన జిల్లాలలో చేపల సాగు అనగానే చెరువే గుర్తుకు వస్తుంది. 1980ల నుండి కొల్లేరు చుట్టుపక్కల ఎన్నో వరి పొలాలు చేపల చెరువులుగా మారిపోయాయి. 2006లో కొల్లేరు అభయారణ్యంలోని చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెరువు తవ్వితే అక్కడ వరి ఉండదు. పెట్టుబడి కూడా పెద్దది, చిన్న రైతు పెట్టలేడు.

మేము చెప్పేది అది కాదు. వరి వరిగానే ఉంటుంది. చేను చుట్టూ గాని ఒక పక్కన గాని కందకం తవ్వి, చేలో నిలిచిన నీటిలోనే చేప పిల్లలను వదులుతారు. వరి పండుతుండగా చేప కూడా పెరుగుతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. కాలువలు వదిలిన మొదటి రోజుల్లో నీటితోపాటు పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు, కొరమీనులు చేలలోకి ఎక్కేవని, కోతల ముందు నీళ్ళు తీసినప్పుడు పిల్లలు బుట్టలతో పట్టి తెచ్చేవారని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆ చేపకు ఎవరూ డబ్బు పెట్టలేదు. గుళికలు, పురుగుల మందులు ఎక్కువయ్యాక చేలలో ఆ చేప కనుమరుగైపోయింది.

ఇతర చోట్ల ఏం చేస్తున్నారు?

చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో చింగ్‌తియాన్ అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ వెయ్యేళ్ళకు పైగా వరి మడులలో చేపలు పెంచుతున్నారు. 2005లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ పద్ధతిని కాపాడవలసిన వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ ప్రాంతంలో చైనా శాస్త్రవేత్తలు జరిపిన పరిశీలన 2011లో వెలువడింది. వరి ఒక్కటే వేసిన పొలాలతో పోలిస్తే, చేపలున్న పొలాలలో పురుగుల మందు 68 శాతం, రసాయన ఎరువు 24 శాతం తక్కువ వాడారు. అయినా వరి దిగుబడి తగ్గలేదు.

మన దేశంలో అరుణాచల్ ప్రదేశ్‌లోని జిరో లోయలో అపతానీ గిరిజనులు 1960ల నుండి వరి మడులలో బంగారు తీగ చేపను పెంచుతున్నారు. మడి మధ్యలో చిన్న కందకం ఉంటుంది. నీరు తగ్గినప్పుడు చేపలు అందులోకి చేరతాయి. కేరళ తీరంలోని పొక్కాళి చేలలో వర్షాకాలం వరి పండించి, అది కోశాక అదే చేలో రొయ్యలు పెంచుతారు. ఒక్కొక్క చోటు ఒక్కొక్క పద్ధతి. అన్నింటిలోనూ ఇంటికి కూర వచ్చింది.

చేప చేలో ఏం పని చేస్తుంది?

చేప ఊరికే తిరగదు. నీటిలో మొలిచే లేత కలుపును, నాచును, పురుగులను తింటుంది. వరి దుబ్బుల మధ్య తిరుగుతూ మొదళ్ళకు తగిలినప్పుడు సుడిదోమ నీటిలో రాలిపడుతుంది, దాన్ని కూడా తినేస్తుంది. చైనా పరిశీలనలో ఈ సంగతి స్పష్టంగా తేలింది. అడుగు మట్టిని కదుపుతుంది. దాని విసర్జన చేనుకు ఎరువవుతుంది. వరి కూడా చేపకు మేలు చేస్తుంది. ఎండ వేడిమికి నీడ ఇస్తుంది, నీటిలో పేరుకున్న నత్రజనిని పీల్చుకుని నీటిని బాగు చేస్తుంది.

కంచంలో చేప ఎందుకు కావాలి?

అన్నంలో మాంసకృత్తులు తక్కువ. ఉన్నవాటిలో కూడా లైసిన్ అనే ముఖ్యమైన భాగం చాలదు. చేపలో అది సమృద్ధిగా ఉంటుంది. 100 గ్రాముల శీలావతి చేపలో సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రక్తం పట్టడానికి అవసరమైన బి12 విటమిను మొక్కల ఆహారంలో దొరకదు, చేపలో ఉంటుంది. ఇంకొక మేలు ఉంది. తోటకూర, పప్పు వంటి వాటిలోని ఇనుము మన ఒంటికి కొంచెమే పడుతుంది. అదే భోజనంలో ఒక ముక్క చేప ఉంటే ఆ ఇనుము ఎక్కువగా ఒంటికి పడుతుంది.

చిన్న చేపలను చిన్నచూపు చూడకండి. బంగ్లాదేశ్‌లో మోలా అనే వేలెడంత చేపపై ఎన్నో ఏళ్ళు పనిచేసిన పోషకాహార శాస్త్రవేత్త శకుంతలా థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆ చేపలో కంటిచూపును కాపాడే ఎ విటమిను చాలా ఉందని, అందులో ఎక్కువ భాగం కళ్ళలో, కడుపు భాగంలో ఉందని పరిశోధనల్లో తేలింది. చిన్న చేపను ముల్లుతో సహా తింటే సున్నం కూడా దొరుకుతుంది. అన్ని చిన్న చేపలలోనూ ఎ విటమిను అంత ఉండదు. అయినా పరిగెలు దొరికితే తలలు తీసి పారేయకుండా వండుకోండి.

మేము చూసిన ఒక కుటుంబం

కొన్నేళ్ళ కిందట ఒక కుటుంబం మా దగ్గరకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి భార్య వచ్చింది. ఏడో నెల గర్భిణి, హిమోగ్లోబిన్ 7 గ్రాములు. గర్భిణికి 11 ఉండాలి. మూడు వారాల తరువాత భర్తను తెచ్చారు. ముఖానికి గుడ్డ కూడా కట్టుకోకుండా ఎదురుగాలిలో మందు చల్లాడు. ఒళ్ళంతా చెమటలు, నోట్లో నురుగు, కంటిపాపలు సూది మొనంత అయ్యాయి. నాలుగు రోజులు ఉంచుకుని పంపించాము. ఆమె జబ్బుకూ అతని జబ్బుకూ మూలం ఆ రెండెకరాల చేలోనే ఉందని మాకు అప్పుడు అనిపించింది. మందు ఖర్చు పెరిగేకొద్దీ కూరకు డబ్బు తగ్గుతోంది. ఆ మందే మనిషిని పడగొడుతోంది.

చేలో చేప సంగతి మేమే చెప్పాము. వ్యవసాయ శాఖ వారిని, మత్స్య శాఖ వారిని అడిగి వారు అర ఎకరంలో మొదలుపెట్టారు. రెండు నెలలు బాగానే గడిచింది. ఒక ఉదయం చేపలన్నీ వెల్లకిలా తేలాయి. పైచేను వారు ముందురోజు సాయంత్రం మందు కొట్టారు, ఆ నీరు గట్టు గండి గుండా దిగువకు వచ్చింది. ఆమె చేపలు బుట్టలో వేసుకుని మా దగ్గరకు వచ్చి, "ఇవి కడిగి వండుకోవచ్చా? పారేయడానికి మనసొప్పడం లేదు" అని అడిగింది. వద్దని చెప్పడం మాకూ కష్టమే అయింది. కాని మందుతో చచ్చిన చేపను కడిగినా ఉడికించినా ఆ విషం పోతుందని నమ్మడానికి లేదు. అమ్మితే ఇంకొకరి ఇంటికి చేరుతుంది. గొయ్యి తీసి పూడ్చిపెట్టమన్నాము. ఆమె ఏమీ అనకుండా బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు ఆ కుటుంబం ఒక్కటే చేయలేదు. పైచేను వారితో, పక్క చేను వారితో కూర్చుని మాట్లాడారు. నలుగురూ ఒకే కాలువ బోదె కింద ఉన్నవారు. ఎవరు ఎప్పుడు ఏ మందు చల్లాలన్నా ముందు మిగతా ముగ్గురికి చెప్పాలని ఒప్పుకున్నారు. ఆ ఏడు వారికి పెద్ద లాభమేమీ రాలేదు. కాని కార్తీకం నుండి కోతల దాకా వారానికి రెండుసార్లు ఇంట్లో చేపల కూర వండారు. మందు డబ్బాలు కూడా సగానికి తగ్గాయని అతను చెప్పాడు.

ఎలా మొదలుపెట్టాలి?

1. చేను ఎంపిక. నీరు మూడు నాలుగు నెలలు నిలిచే చేను కావాలి. బరక నేల, తరచు ఎండిపోయే శివారు చేను పనికిరావు. వరద ముంచే లోతట్టు చేలలో చేపలు కొట్టుకుపోతాయి. కౌలు రైతులు కందకం తవ్వేముందు భూమి యజమానితో తప్పకుండా మాట్లాడాలి.

2. కందకం, గట్లు. చేనులో పదో వంతు మించకుండా ఒక పక్కన గాని చుట్టూ గాని కందకం తవ్వాలి. మీటరు వెడల్పు, ముప్పావు నుండి మీటరు లోతు చాలు. తవ్విన మట్టితో గట్లను రెండడుగులకు పెంచి గట్టిగా తొక్కించాలి. గట్టు మీద మునగ, కంది, కూరగాయలు వేసుకోవచ్చు.

3. తూములకు జాలీ. నీరు వచ్చే చోట, పోయే చోట సన్న కన్నుల వల బిగించాలి. ఇది లేకపోతే చేప పిల్లలు బయటికి పోతాయి, వాటిని మింగే కొరమీనులు లోపలికి వస్తాయి.

4. వరి రకం. పొట్టి రకాల కంటే కొంత నీటిని తట్టుకునే, ఎక్కువ రోజుల రకాలు మేలు. మార్టేరు పరిశోధన స్థానం నుండి వచ్చిన స్వర్ణ మన సార్వాకు అలవాటైన రకమే.

5. చేప పిల్లలు. ఊడ్చిన 15–20 రోజుల తరువాత, నారు వేళ్ళు పట్టాకనే వదలాలి. వేలెడు పొడవున్న పిల్లలైతే ఎకరానికి సుమారు 2,000 చాలు. తక్కువ లోతు నీటిలో బంగారు తీగ, మోసు బాగా వస్తాయి. వాటికి కొన్ని శీలావతి పిల్లలు కలుపుకోవచ్చు. గడ్డి చేప వరినే తినేస్తుంది, వేయకూడదు. ప్రభుత్వం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ జోలికి అసలే వెళ్ళకండి. పిల్లలు తెచ్చిన ప్లాస్టిక్ సంచిని పావుగంట కందకం నీటిలో తేలనిచ్చి, ఆ తరువాత మూతి విప్పి వదలాలి.

6. నీరు, మేత. వరి ఎదిగేకొద్దీ చేలో నీటిని జానెడు దాకా పెంచుకోవచ్చు. రోజూ ఒకే చోట కొంచెం తవుడు, వేరుశనగ చెక్క వేస్తే చేప ఎదుగుతుంది. మిగిలిపోయేంత వేయకూడదు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే నీటిలో గాలి తగ్గిందని అర్థం. వెంటనే మేత ఆపి కొత్త నీరు పెట్టాలి.

7. పట్టుబడి. కోతకు 10–15 రోజుల ముందు నీటిని మెల్లగా తీస్తే చేపలు కందకంలోకి దిగుతాయి. అక్కడ వలతో పట్టుకోవచ్చు. మేత పెద్దగా వేయని చేలో ఎకరానికి వంద కిలోల లోపే అనుకోండి. అంతకు మించి ఆశపెట్టేవారి మాట నమ్మకండి.

మందు సంగతి

ఈ పద్ధతి నిలిచేదీ, పోయేదీ ఇక్కడే. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటి మందులు మనిషికంటే చేపకు ఎన్నో రెట్లు విషం. కార్బోఫ్యూరాన్ గుళికలు చేపకూ మనిషికీ కూడా విషమే. కలుపు మందు బ్యూటాక్లోర్ చేపకు హాని చేస్తుంది, చేప ఉన్న నీటిలో వేయరాదు. వేపనూనె కూడా మోతాదు మించితే మంచిది కాదు.

మందుకు బదులు చేయదగినవి ఉన్నాయి. ఊడ్చేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి తగిలి సుడిదోమ తగ్గుతుంది. యూరియా ఒకేసారి కుమ్మరించకుండా దఫాలుగా వేస్తే పైరు మెత్తబడదు, పురుగు తగ్గుతుంది. కాండం తొలిచే పురుగుకు లింగాకర్షక బుట్టలు, ట్రైకోగ్రామా కార్డులు ఉన్నాయి. సుడిదోమ మరీ ఎక్కువైతే చేనులో నీరు తీసి ఆరగట్టవచ్చు. కందకం ఉంది కనుక చేపకు ఇబ్బంది లేదు.

ఇవన్నీ చేసినా చల్లక తప్పకపోతే, ముందు వ్యవసాయ అధికారిని అడగండి. నీటిని తగ్గించి చేపలను కందకంలోకి దించి, కందకానికి, చేనుకు మధ్య అడ్డుకట్ట వేసి, మందు పని తీరేదాకా ఆ నీటిని కలవనీయకూడదు. అలా చల్లిన చేలో చేపలను తొందరపడి పట్టి తినకండి.

మందు చల్లినవారికి తలతిరుగుడు, వాంతి, చెమటలు, చూపు మసకబారడం మొదలైతే పొలం నుండి బయటకు తీసుకువచ్చి, బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళు కడగండి. బలవంతంగా వాంతి చేయించకండి. 108కి ఫోను చేసి, మందు డబ్బాను కూడా వెంట తీసుకురండి.

మీరు అడిగే ప్రశ్నలు

చేపలుంటే దోమలు తగ్గుతాయా? చేప దోమ పిల్లలను తింటుంది, చేనులో దోమ తగ్గుతుంది. మెదడువాపు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమలు వరి చేల నీటిలోనే పుడతాయి కనుక ఇది మంచిదే. కాని మలేరియా, డెంగీ దోమలు ఇంటి చుట్టూ కూడా పుడతాయి. దోమతెర మానకండి.

చేలో పెరిగిన చేప శుభ్రమేనా? మందు లేని చేలోదైతే శుభ్రమే. బాగా ఉడికించి తినండి. మరుగుదొడ్డి నీరు కలిసే చేలో చేప వేయకండి.

కందకం వల్ల ప్రమాదం ఉందా? ఉంది. మీటరు లోతు నీరు రెండు మూడేళ్ళ పిల్లకు ప్రాణాపాయమే. ఇంటికి దగ్గరి చేనైతే కందకాన్ని ఇంటివైపు తవ్వకండి, అక్కడ ముళ్ళ కంపైనా కట్టండి. కాళ్ళకు పుండ్లు ఉన్నవారు చేలోకి దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల ఎలుక జ్వరం వస్తుంది.

పసిపిల్లలకు చేప పెట్టవచ్చా? ఆరు నెలలు నిండాక, ముళ్ళు పూర్తిగా తీసి, మెత్తగా చిదిమి అన్నంలో కలిపి కొంచెం కొంచెంగా మొదలుపెట్టండి. దద్దుర్లు గాని ఆయాసం గాని వస్తే మానేసి మా దగ్గరకు తీసుకురండి.

చేప తింటే ఇనుము మాత్రలు మానవచ్చా? మానకూడదు. గర్భిణికి రెండూ కావాలి.

చివరగా ఒక మాట

చేపలు చేతికి వచ్చిన రోజు ఇంట్లో ఒక నిర్ణయం జరుగుతుంది. పెద్దవన్నీ బజారుకు, మిగిలినవి ఇంటికి అంటారు. వండిన కూర కూడా ముందు మగవారికి, పెద్దవారికి వడ్డిస్తారు. గర్భిణి కోడలి వంతు వచ్చేసరికి గిన్నెలో పులుసు మిగులుతుంది. అలా అయితే చేలో చేప పెంచినా మా పరీక్షలో ఆమె హిమోగ్లోబిన్ అంతే ఉంటుంది. అమ్మేముందు ఇంటికి సరిపడా తీసి పక్కన పెట్టండి. వడ్డించేటప్పుడు ముక్క ముందు కడుపుతో ఉన్న అమ్మాయికి, పాలిచ్చే తల్లికి, చిన్నపిల్లలకు వేయండి. అత్తగార్లకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాము, ఎందుకంటే గరిటె మీ చేతిలో ఉంటుంది.

ఈ సార్వాకు మొదలుపెట్టాలనుకునేవారు ముందు మీ బోదె కింద ఉన్న పొరుగు రైతులతో మాట్లాడండి, తరువాత మండలంలోని వ్యవసాయ, మత్స్య శాఖల వారిని కలవండి. గర్భిణీ పరీక్షకు వచ్చినప్పుడు మీ చేను సంగతి మాకూ చెప్పండి. "నిన్న ఏం తిన్నావమ్మా?" అని మేము ఎలాగూ అడుగుతాము.